బొట్టు పెట్టిన బెజ్జం

రోజూ పూజ చేసిన బోల్టులే తుప్పు పట్టి విరిగాయి. ఎన్నడూ ముట్టుకోని బోల్టులు గట్టిగా ఉన్నాయి. ఇదెలా జరిగిందో నూకరాజుకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఒక చిన్న లంక. అక్కడ పేరయ్య గురువుగారి మఠం ఉండేది. నూకరాజు ఆయన శిష్యుడు. మఠానికి ఒక మోటారు పడవ ఉంది. మొదట అది సముద్రం ఒడ్డున ఉన్న ఒక రిసార్టుది. కాళ్ళకు పలక బిగించుకుని నీళ్ళ మీద నిలబడి జారే ఆట ఒకటి ఉంది. ఆ ఆట ఆడేవాళ్ళను తాడుతో లాక్కుపోవడం ఆ పడవ పని. తాడు కట్టడానికి పడవ మీద కమానులా వంచిన అల్యూమినియం గొట్టం ఉంది. రిసార్టు మూతపడ్డాక దాని యజమాని పడవను మఠానికి ఇచ్చేశాడు. ఆట కోసం తయారైన పడవ అప్పటి నుంచి రోగులను, నెలలు నిండిన ఆడవాళ్ళను అవతలి గట్టుకు చేర్చసాగింది.

దాన్ని నడిపే పని గురువుగారు నూకరాజుకు అప్పగించారు. అతను ఆ పనిని సేవగా తీసుకున్నాడు. తెల్లవారగానే తలస్నానం చేసి పడవ దగ్గరికి వెళ్ళేవాడు. కమాను గొట్టాన్ని పడవకు పట్టి ఉంచే బోల్టులు పైకి కనిపిస్తూ ఉంటాయి. ఒక్కొక్క దానికీ పసుపు ముద్ద అద్ది, బొట్టు పెట్టి, కుంకుమ రాసిన నిమ్మచెక్క పైన ఉంచేవాడు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు గొట్టం మీదుగా పోసేవాడు.

"అందరూ దసరాకి ఒక్కసారి బండికి పూజ చేసి చేతులు దులిపేసుకుంటారు. మన పడవకి రోజూ దసరాయే" అని తోటి శిష్యులతో అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు కొంచెం పెరిగేది.

ఒకరోజు లంకలోని బుల్లెమ్మ అనే ముసలావిడ పడవ దిగబోతూ, ముందు గొట్టానికి దండం పెట్టి, తర్వాత దాన్ని ఆసరాగా పట్టుకుంది. గొట్టం ఊడి చేతిలోకి వచ్చింది. ఆవిడ రేవులో నీళ్ళలో పడింది. నూకరాజు దూకి పైకి లాగాడు. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ మోచెయ్యి చీరుకుపోయింది.

రేవు మెట్టు మీద కూర్చుని చీర పిండుకుంటూ ఆవిడ తిట్టడం మొదలుపెట్టింది.

"ఏరా నూకరాజూ, దేవుణ్ణి పట్టుకున్నాననుకున్నాను రా. ఆ దేవుడే ఊడి నా మీద పడ్డాడు! మా మనవరాలు వరాలు నెలలు నిండి ఉంది. ఆసుపత్రికి దాన్ని ఇందులోనే ఎక్కించాలనుకున్నాను. ఇదేమన్నా పడవా, గుళ్ళో పీటా?"

సాయంత్రానికి ఈ మాట లంకంతా తెలిసింది. గురువుగారు రేవుకు వచ్చారు. విరిగిన బోల్టు ముక్క చేతిలోకి తీసుకుని చూశారు.

"పడవ కట్టెయ్యి. నేను తియ్యమనేదాకా తియ్యకు" అన్నారు.

"గురువుగారూ, నాకొక సందేహం అండీ" అన్నాడు నూకరాజు. "సీటు కింద బోల్టుల మొహం కూడా నేనెప్పుడూ చూడలేదు. అవి బాగానే ఉన్నాయి. రోజూ మొక్కినవి పోయాయి. నా పూజలో లోపం ఏమిటండీ? మంత్రం తప్పు చదువుతున్నానా?"

 గురువుగారు బకెట్టుతో నీళ్ళు, కొబ్బరి పీచు తెప్పించారు. పడవలోకి దిగి గొట్టం మొదలు తోమడం మొదలుపెట్టారు. పసుపు పెచ్చులుగా ఊడింది. దాని కింద తడి ఇంకా ఆరలేదు. లోపల బోల్టులు ఎర్రగా పొరలు లేచి ఉన్నాయి. వాటి చుట్టూ గొట్టానికి తెల్లని బూజులాంటి పొడి పట్టింది. గురువుగారు పక్కకు జరిగి ఇంకొక చోట తోమారు. బొట్టు కరిగి ఎర్రటి నీరు కారింది. దాని కింద బోల్టు లేదు. బెజ్జం మాత్రమే ఉంది.

నూకరాజు వంగి చూశాడు. వేలు పెట్టి చూశాడు.

"ఇక్కడ బోల్టు ఉండాలండీ" అన్నాడు.

"ఎప్పుడు చూశావు?"

నూకరాజు గుర్తు చేసుకోబోయాడు. ఆ చోట బొట్టు పెట్టడం గుర్తుంది. పసుపు అద్దడం గుర్తుంది. బోల్టు ఎలా ఉండేదో గుర్తు రాలేదు. అది ఎప్పుడు ఊడిందో, ఎన్నాళ్ళుగా తాను ఖాళీ బెజ్జానికి బొట్టు పెడుతున్నాడో తెలియదు.

"అయితే పూజ మానెయ్యమంటారా?" అని అడిగాడు.

"నేను మానమన్నానా?"

"పోనీ, చెయ్యమంటారా?"

"చెయ్యమన్నానా?"

అంత మాత్రం అని ఆయన చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. నూకరాజు అక్కడే నిలబడిపోయాడు. తిడితే భరించవచ్చు. మానెయ్యమంటే మానవచ్చు. ఈ రెండూ కాని మాటతో ఏం చెయ్యాలో అతనికి తోచలేదు.

మర్నాడు నాటు పడవలో దాటి, అవతలి గట్టు మీద పట్నంలో సామాన్ల కొట్టుకు వెళ్ళాడు. పాత బోల్టు ముక్క చూపించాడు.

"ఉప్పునీటికా, మంచినీటికా?" అని అడిగాడు కొట్టాయన.

"మా గురువుగారి పడవకండీ."

"గురువుగారి సంగతి అడగలేదు బాబూ, నీళ్ళ సంగతి అడిగాను."

నూకరాజు సిగ్గుపడి ఉప్పునీరని చెప్పాడు. కొట్టాయన తుప్పు పట్టని స్టీలు బోల్టులు ఇచ్చాడు. స్టీలు, అల్యూమినియం ఒకదానికొకటి తగిలితే ఉప్పునీటిలో గొట్టం అరిగిపోతుందని చెప్పి, మధ్యలో వెయ్యడానికి రబ్బరు వాషర్లు కూడా ఇచ్చాడు.

ఆ మర్నాడు నూకరాజు రోజంతా పనిచేశాడు. మొండిగా ఇరుక్కున్న పాత బోల్టులను నూనె పోసి, నానబెట్టి, ఒక్కొక్కటీ విప్పాడు. చేతులు దోక్కుపోయాయి. కొత్తవి బిగించాడు. ఖాళీ బెజ్జంలో బోల్టు పడినప్పుడు అతనికి ఎందుకో ఏడుపు వచ్చింది. సీటు కింద దూరి, గట్టిగా ఉన్న బోల్టులను కూడా పానాతో తిప్పి చూశాడు. ఆ రోజు బోల్టులకు పసుపు అద్దలేదు. అద్దకపోవడం కూడా తప్పేమోనని మధ్యమధ్య భయపడుతూనే ఉన్నాడు.

గురువుగారు వచ్చారు. రెండు చేతులతో గొట్టం పట్టుకుని వేలాడారు. గొట్టం కదల్లేదు. నూకరాజు ముఖం వెలిగింది.

"ఇంకా కాలేదు" అన్నారు గురువుగారు.

"ఏది కాలేదండీ?"

"చూడు."

నూకరాజు మళ్ళీ ప్రతి బోల్టునూ పట్టి చూశాడు. ఇంజను చూశాడు. తాడు పొడవునా చూశాడు. పడవలో నీరు ఊరుతోందేమోనని అడుగు తడిమాడు. ఏ లోపమూ కనిపించలేదు. మళ్ళీ వెళ్ళి అడిగితే గురువుగారు అదే మాట అన్నారు. ఏమి కాలేదో తెలియకపోతే చెయ్యడం ఎలా? కొత్త బోల్టులకు బొట్టు పెట్టలేదని ఆయన కోపమా? లేక తన మనసులో ఇంకా గర్వం ఉందనా? ఏ వైపు ఆలోచించినా దారి మూసుకుపోయింది.

అప్పుడే బుల్లెమ్మ మోచేతికి గుడ్డ కట్టుకుని వచ్చింది.

"పేరయ్యగారూ, రేపు వరాలును ఆసుపత్రిలో చేర్చమన్నారు. మీ పడవ వస్తుందా రాదా, ఆ మాట చెప్పండి. రాదంటే నాటు పడవ మాట్లాడుకుంటాను. ఎండలో పూటంతా పడుతుంది, ఏం చేస్తాం."

"నాటు పడవ మాట్లాడి ఉంచమ్మా" అన్నారు గురువుగారు. తర్వాత శిష్యుడి వైపు తిరిగారు. "పొద్దున్న నేను తియ్యమంటే తీస్తావు. లేకపోతే పడవను ఇంకొకరికి అప్పగిస్తాను."

గురువుగారు నూకరాజుకు నమ్మి అప్పగించిన పెద్ద పని అదే. అది పోతే తాను ఇక్కడ ఉండి ఏం చెయ్యాలి? అతను ఆ పూట అన్నం ముట్టలేదు.

తెల్లవారింది. రేవులో నాటు పడవ వచ్చి ఆగింది. వరాలు గుమ్మటంలాంటి పొట్టతో మెట్టు మీద కూర్చుని ఉంది. బుల్లెమ్మ గొడుగు పట్టుకుని నిలబడింది.

మఠంలో ఉదయం గురువుగారికి పాదపూజ చేసేది కూడా నూకరాజే. ఆ రోజు కూడా పళ్ళెంలో పసుపు, కుంకుమ, చెంబుతో కొబ్బరినీళ్ళు తీసుకుని వెళ్ళాడు. గురువుగారు ఎప్పటిలాగే పాదాలు పీట మీద పెట్టారు. వాటి మీద నిన్నటి పసుపు, మొన్నటి పసుపు ఎండి మెరుస్తోంది.

నూకరాజు పసుపు తీసుకున్నాడు. చెయ్యి పాదం దాకా వెళ్ళి ఆగింది.

పళ్ళెం పక్కన పెట్టాడు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. పాదాల మీద పోసి మెల్లగా రుద్దాడు. పసుపు పొరలు పొరలుగా వదిలింది. వేళ్ళ సందులు విప్పి చూశాడు. లోపల చర్మం తెల్లగా నాని, చీలి, పచ్చి పుండు పడింది. వరి నాట్లప్పుడు రోజుల తరబడి బురదలో నిలబడేవాళ్ళ కాళ్ళు అలాగే పాసిపోతాయి. గురువుగారు బురదలో దిగలేదు.

"నొప్పిగా ఉందాండీ?" అని అడిగాడు.

"ఉంది."

"ఎన్నాళ్ళ నుంచండీ?"

ఆయన రెండో పాదం ముందుకు జరిపారు.

నూకరాజు తన భుజం మీది పొడి తువ్వాలు తీసి, ఒక్కొక్క వేలి సందునా తడి లేకుండా అద్దాడు. లోపలికి వెళ్ళి పుండ్ల మందు తెచ్చి రాశాడు. గాలి తగిలేలా వేళ్ళ మధ్య దూది పెట్టాడు. కుంకుమ పళ్ళెం కదలకుండా పక్కనే ఉంది. అతను దాని వైపు చూశాడు, గురువుగారి వైపు చూశాడు, ఇప్పుడేం చెయ్యాలో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గురువుగారు పాదాలు వెనక్కి తీసుకున్నారు.

"పూజ అయింది. ఇక పడవ తియ్యి" అన్నారు.