పసుపు వైరూ, పడని బొమ్మా

అనకాపల్లిలో సత్తెమ్మ ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు గానీ, సత్తెమ్మా, కూతురు నూకరత్నం, కొడుకు గవర్రాజూ రోజూ ఒకరితో ఒకరు చెప్పుకుని మురిసిపోయేవారు.

ఓ మధ్యాహ్నం నూకరత్నం పాత వీడియోగేమ్‌లో ఆఖరి కోట దాటి రాక్షసుణ్ణి చంపేసింది. ఏం లాభం? అమ్మ వంటింట్లో ఉంది, తమ్ముడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఆ ఆట అమ్మిన భూషణం కొట్టుకి పరిగెత్తి చెబితే ఆయన పగలబడి నవ్వాడు.

"వాణ్ణి నేనే చంపలేకపోయాను. వీడియో తెచ్చి చూపించు, నమ్ముతాను. ఫోన్‌తో టీవీని తీస్తే ఒట్టి గీతలు పడతాయి. ఇదిగో, ఈ డబ్బా టీవీకీ వీడియోగేమ్‌కీ మధ్యలో పెట్టి ఆడితే ఆట శుభ్రంగా దీనికున్న పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతుంది. నీ వీడియోగేమ్ ముసలిదైపోయింది, ఇంకొక్క ఆటకి మించి బతకదు. జాగ్రత్త!"

ఆ నవ్వు నూకరత్నాన్ని గుచ్చేసింది. ఎలాగైనా ఆయన్ని నమ్మించి తీరాలనుకుంది.

డబ్బా పట్టుకుని ఇంటికొచ్చి చూస్తే, దాని వైర్ల మొనల రంగులు వెలిసిపోయి ఉన్నాయి. ఫోన్ చేస్తే భూషణం, "లావు వైరుకి పసుపు పెట్టుకో. మిగతా రెంటికీ ఎరుపు, తెలుపు పెట్టుకో. కలగాపులగం కాకుండా ఉంటాయి" అన్నాడు.

అంతే. సత్తెమ్మ లావు వైరుకి పసుపు రాసింది, రెండోదానికి కుంకుమ అద్దింది, మూడోదానికి సున్నం పూసింది. "పసుపు కుంకాలెట్టి కొబ్బరికాయ కొట్టకపోతే బాగుంటాదేటే?" అని డబ్బా ముందు ఓ కాయ కూడా కొట్టింది. గవర్రాజు ఆ నీళ్ళు చొక్కాతో తుడిచి వైర్లు గుచ్చాడు.

"బొమ్మ పడిందా?" అన్నాడు భూషణం ఫోన్‌లో.

నూకరత్నం టీవీ మీదున్న ఏటికొప్పాక బొమ్మకేసి చూసింది. "లేదండీ, నిలబడే ఉంది."

"నిలబడిపోయిందా? అయితే టీవీని ఓ తట్టు తట్టు."

గవర్రాజు ఒక్క గుద్దు గుద్దాడు. ఇంకేముంది, బొమ్మ దబ్బున కిందపడింది.

"పడిందండీ! తలొకచోట, మొండెమొకచోట!"

"అలా ముక్కలైతే పనికిరాదమ్మా. టీవీలో బొమ్మ నిండుగా పడాలి."

అంతే. గవర్రాజు టీవీ వెనక రేకు ఊడదీసి తలా మొండెం రెండూ లోపల పడేశాడు. ఏదో చిటపటమంది, తెర వెలిగింది.

"వచ్చిందండీ! కానీ గజగజా వణుకుతోంది."

"వణుకు తగ్గాకే మొదలెట్టు."

"పాపం, చలేస్తున్నాదేమో" అని సత్తెమ్మ టీవీకీ వీడియోగేమ్‌కీ కలిపి రగ్గు కప్పేసింది. నూకరత్నం ఆ రగ్గులోకే దూరి ఆడింది. లోపల ఉడికిపోతోంది, కమురు వాసన, ఆపైన పొగ. అయినా వదల్లేదు. రాక్షసుడు కూలాడు, ఆ వెంటనే వీడియోగేమ్ టప్పుమని ప్రాణం విడిచింది. నూకరత్నానికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. పొగ వల్ల కొంత, సంతోషం వల్ల చాలా.

"పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కేసిందండీ!"

భూషణం నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అయితే పట్రా, చూస్తాను. మొదట్లోనూ చివర్లోనూ పనికిరానిది ఉంటుంది. అటూ ఇటూ కత్తిరించి, మధ్యలో ఆట మాత్రం ఉంచు."

ఇంకేముంది, కత్తెరకి లొంగకపోతే గవర్రాజు రంపం తెచ్చాడు.

కొట్లో భూషణం చేతిలో నూకరత్నం ఓ చిన్న ముక్క పెట్టింది.

"ఏంటిది?"

"పెన్‌డ్రైవ్ మధ్య ముక్కండీ. అటూ ఇటూ కోసేశాం. దీనికి మాత్రం చిన్న గీత కూడా పడలేదు, చూసుకోండి."

భూషణం ఆ ముక్కని బల్లమీద పెట్టి, రెండు చేతులూ జోడించి, "తల్లీ, నీకో దణ్ణం" అన్నాడు.

నూకరత్నం పొంగిపోయి, ఆయన బట్టతల మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉండు నాయనా" అని దీవించింది. బయటికొస్తూ గవర్రాజుతో అంది:

"చూశావట్రా, నమ్మకపోతే ఎవరైనా దణ్ణం పెడతారేటి?"