తోటమాలి నోట్లో తాంబూలం

వేణుగిరి ఏలే గన్నభూపతికి పని తక్కువ, అనుమానం ఎక్కువ. తాంబూలాలు పుచ్చుకుని, పెళ్లికూతురు మల్లాంబికను విడిదిలో దింపాక ఆయనకు సందేహం పుట్టింది. ఈ పిల్ల ప్రేమించింది తననా, తన కిరీటాన్నా?

ఆ సందేహానికి నీళ్లు పోసి పెంచినవాడు ఆస్థాన పండితుడు ఉద్దండయ్య. ఆయనకు పెళ్లీడు మేనకోడలు ఉందన్న సంగతి మనం మరిచిపోవాలి. ఆయన చేసేదంతా రాజ్యక్షేమం కోసమే కదా.

మొదట రాజుగారికి ఒక కన్ను పోయిందని కబురు పంపారు. నన్ను చూడడానికి రెండోది చాలులెమ్మంది మల్లాంబిక. తర్వాత ముత్యాల మూటతో ఒక అందగాణ్ణి పంపారు. మూటా, అందగాడూ ఒకేసారి గుమ్మం బయట పడ్డారు.

అప్పుడు ఉద్దండయ్య అసలు పరీక్ష బయటికి తీశాడు. రాజుగారే తోటమాలి వేషం కట్టి, తనతో లేచి రమ్మని అడగాలి. వస్తానంటే పిల్లకు నిలకడ లేదు. పొమ్మంటే ఆమెకు కావలసింది కిరీటమే. ఏది చెప్పినా పెళ్లి రద్దు. అంత న్యాయమైన పరీక్ష.

ఇదంతా విన్నది నాచమ్మ. రాజుగారికి ఆకులు చుట్టి ఇచ్చి, ఆయన నమిలాక ఉమ్మే గిన్నెను గడ్డం కింద పట్టడం ఆమె కొలువు. విడిదిలో మల్లాంబికకు ఆమెనే తోడుంచారు. ఆ పిల్ల ఆమెను అక్కా అని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది. అలాంటి పిల్లను ఏడిపించి పంపేస్తారంటే నాచమ్మ ప్రాణం ఉసూరుమంది. కానీ ఒక్క మాట జారినా ఊళ్లో ఉండవని రాజు ముందే బెదిరించాడు.

మర్నాడు విడిది తోటలోకి మాలి రానే వచ్చాడు. ఆనవాలు పట్టకుండా తలగుడ్డ కళ్ల మీదికి లాగి, పంచె మోకాళ్ల పైకి కట్టాడు గానీ, గునపాన్ని మాత్రం రాజదండంలా పట్టుకున్నాడు. నోట్లో కర్పూర తాంబూలం. అది మానడం ఆయన వల్ల కాలేదు. ఉద్దండయ్య ముళ్లపొద చాటున నక్కాడు.

"అమ్మాయీ, నాకు గుడిసె ఉంది, గంజి ఉంది. నాతో వచ్చేస్తావా?" అన్నాడు మాలి.

మల్లాంబిక ముఖం జేవురించింది. నోరు తెరవబోయింది. అంతలో నాచమ్మ ముందుకొచ్చి, కిక్కురుమనకుండా, గిన్నె మాలి గడ్డం కింద పట్టింది.

మాలి అటు చూడనైనా లేదు. మెడ పక్కకు వంచి, దర్జాగా అందులో ఉమ్మి, మూతి తుడుచుకునే గుడ్డ కోసం చెయ్యి చాపాడు.

మల్లాంబిక ఆ గిన్నెను చూసింది, చాపిన చేతిని చూసింది. కోపం కాస్తా నవ్వయింది.

"పద, ఇప్పుడే వస్తాను."

ఉద్దండయ్య ఒళ్లంతా ముళ్లతో పొదలోంచి దూకాడు. విన్నారా ప్రభూ, మాలితో పోతానంది అని అరిచాడు. దాంతో మిగిలిన కాస్త వేషమూ ఊడింది.

"నేను వస్తానన్నది నాకు కాబోయే మగడితో. పండితులవారికి ఏమైనా అభ్యంతరమా?" అంది మల్లాంబిక.

తనను ఎలా పోల్చావని రాజు అడిగాడు.

"కింద గిన్నె ఉందో లేదో చూడకుండా ఉమ్మే మాలి ఎక్కడైనా ఉంటాడా?"

రాజు నాచమ్మ వైపు ఉరిమి చూశాడు. ఆమె తల వంచుకుంది.

"నేను మాట్లాడలేదు ప్రభూ. గిన్నె పట్టాను. ఉమ్మింది తమరే."

ముందు రాజు మీసం కదిలింది, తర్వాత పొట్ట. ఆపైన ఆయన నవ్వు తోటంతా వినబడింది. ముహూర్తం మారదన్నాడు. మొలలో దాచిన ఉంగరం తీసి నాచమ్మకిచ్చి, ఇకనుంచి రాణి పక్కనే ఉండమన్నాడు.

"మరి ఈ గిన్నె ఎవరు పట్టాలి ప్రభూ?" అంది నాచమ్మ.

అందరూ ఉద్దండయ్య వైపు చూశారు. ఆయన మళ్లీ పొదలోకి దూరేలోగా గిన్నె ఆయన చేతిలో ఉంది.

అప్పటికే రాజుగారు మెడ పక్కకు వంచారు.