చుక్క వేయని పళ్లెం

మునిరత్నం మాస్టారిని సందేహం అడిగితే నోటితో జవాబు రాదు. అడిగినవాళ్లనే చేయి చాపమని, రక్తం తీసి గాజు పళ్లేల్లో వేయించి, "చూస్తూ ఉండు" అంటారు. రక్తకణాల పుట్టుక మీద పరిశోధన చేసే ఆ ల్యాబులో ఎవరి ప్రశ్నకు వారే రక్తం ఇవ్వాలన్నది ఆనవాయితీ. అందుకే అక్కడ సందేహాలు తక్కువ.

అక్కడ పరిశోధన చేస్తున్న విద్యార్థిని హైమవతికి మాత్రం నోరు ఊరుకోదు. ఒంట్లో ప్రాణవాయువు తగ్గితే మూత్రపిండాలు ఒక హార్మోనును పంపుతాయి. అది పసికణం పైపొరకు తగలగానే లోపల కబురు చేతులు మారుతూ కేంద్రకానికి చేరి, ఎర్రకణంగా ఎదగడానికి కావలసిన జన్యువులను లేపుతుంది. ఇదంతా ఆమెకు కంఠతా వచ్చు.

"పిలుపు రాకపోతే ఆ జన్యువులు నిజంగా పడుకునే ఉంటాయా సార్?" అని అడిగింది.

మాస్టారు ఆమె రక్తం రెండు పళ్లేల్లో వేయించారు. ఒకదాంట్లో హార్మోను చుక్క వేయమన్నారు, రెండోదాంట్లో వద్దన్నారు. చుక్క పడని పళ్లెంలో పసికణాలు ఎదగకుండానే చచ్చిపోవాలి. పద్నాలుగో రోజు మధ్యాహ్నం హైమ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే రెండింట్లోనూ ఎర్రటి గుంపులు కనిపించాయి.

పొరపాటున చుక్క వేశానేమోనని తల పట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి మాస్టారు తన రక్తం కూడా ఇచ్చారు. ఏ పళ్లెంలోనూ చుక్క వేయనివ్వకుండా హార్మోను సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, తాళం వేసి, చెవి తన జేబులో వేసుకున్నారు. రెండు వారాలకు ఆయన పళ్లెం తేటగా ఉంది. ఆమెది ఎర్రబడింది. తాళం వేసిన ఇంట్లో ఎవరో తిరుగుతున్న అలికిడి విన్నట్టు హైమకు ఒళ్లు జలదరించింది. చుక్క లేకుండా ఎదిగేది జబ్బు రక్తమేనని ఆమెకు తెలుసు. అలాంటి పళ్లేలు ఎన్నో చూసింది, అన్నీ ఎర్రకణాలు మితిమీరి పెరిగే రోగులవే.

మాస్టారు ఆ పళ్లేన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. తర్వాత ఆమె అరచేతులు చూపించమన్నారు. అవి కందినట్టు ఎర్రగా ఉన్నాయి.

"వేణ్ణీళ్లు పోసుకున్నాక ఒళ్లంతా దురద పెడుతోందా అమ్మా?"

ఆ దురదకే ఏడాదిగా సబ్బులు మారుస్తున్న సంగతి హైమ ఎవరికీ చెప్పలేదు, కన్నతల్లికి కూడా.

"మరి వీటిని పిలిచిందెవరు సార్?"

మాస్టారు తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించారు.

"ఎవరూ పిలవలేదమ్మా. డాక్టరుకు ముందు ఆ మాటే చెప్పాలి. పద, నేనూ వస్తాను."