కుదుపులు మింగే ఇరుసు

దిబ్బపాలెంలో సింహాద్రి, పైడయ్య, కూర్మయ్య అని ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. దేవుడు బుద్ధి పంచిన రోజున తామే వరసలో ముందు నిలబడ్డామని వాళ్ళ నమ్మకం. వెనకవాళ్ళకి మిగల్లేదని జాలిపడేవారు కూడాను.

చిన్నవాడు కూర్మయ్యకి పెళ్ళి కుదిరింది. "పెళ్ళికొడుకు జీపులో రావాలి. జీపుకి మట్టి అంటకూడదు. ముహూర్తం దాటిందా, మా మేనల్లుడు సిద్ధంగా ఉన్నాడు," అని తేల్చేశాడు కాబోయే మామ జగ్గునాయుడు. ఇంకేముంది, మట్టి అంటకుండా జీపుని ఎక్కించి లాక్కెళ్ళడానికి ఒక ట్రైలర్ కొన్నారు.

మెకానిక్ సత్తార్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "దీనికి కుదుపు ఆపే కమాను పట్టీలుండవు. ఇరుసు గొట్టంలోనే రబ్బరుంటుంది. చక్రం గోతిలో పడితే ఆ రబ్బరు మెలితిరిగి కుదుపు మింగేస్తుంది. దానికి వేడి తగలనివ్వకండి. ట్రైలర్ ముందూ వెనకా సమంగా ఉండాలి."

"అంత మాత్రం మాకు తెలీదేటి?" అని మీసం దువ్వాడు సింహాద్రి.

ట్రాక్టర్ వెనక ట్రైలర్, దాని మీద జీపు, బయల్దేరారు. ఎండ మాడిపోతోంది. "అన్నా, ఇరుసుకి వడదెబ్బ తగిలేలా ఉంది!" అన్నాడు పైడయ్య. అంతే, తాగడానికి తెచ్చిన మజ్జిగంతా దాని మీద కుమ్మరించారు. వడదెబ్బకి ఉల్లిపాయ మంచిదని చక్రానికొకటి కట్టారు. మజ్జిగ వాసనకి దారిలో కుక్కలన్నీ వెంటపడ్డాయి.

"మన పెళ్ళంటే ఎంత మందికి ఆశో!" అని మురిసిపోయాడు కూర్మయ్య.

కొండదారి వచ్చింది. ట్రాక్టర్ ఎక్కుతుంటే ట్రైలర్ ముందుభాగం పైకి లేచింది.

"ఆపు ఆపు! సమంగా లేదు!" అని అరిచాడు సింహాద్రి.

"కొండని ఎలా సమం చేస్తాం అన్నా?"

"కొండెందుకురా వెర్రివెధవా! ట్రాక్టర్‌ని కిందికి దించితే సరిపోదూ?"

ఇంకేముంది, గునపాలు తీసి ట్రాక్టర్ కింద గొయ్యి తవ్వారు. అది స్టీరింగు దాకా కూరుకుపోయింది. ట్రైలర్ మీద నిమ్మకాయ పెట్టి చూశారు, దొర్లలేదు. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. ఇలాంటి తెలివి ఊరికొకటుంటే చాలు, శత్రువులక్కర్లేదు.

ట్రాక్టర్ ఇక కదల్లేదు. కూర్మయ్యకి నిజంగానే ఏడుపొచ్చింది. "ముహూర్తం దాటిపోతే నాకింకెవరిస్తారన్నా పిల్లని?"

"జీపుండగా ఏడుపెందుకురా?" అన్నాడు సింహాద్రి.

అంతే, ట్రైలర్ మీదున్న జీపులోకి ముగ్గురూ ఎక్కారు. దాన్ని కట్టిన తాళ్ళు అలాగే ఉన్నాయి. సింహాద్రి ఇంజను స్టార్ట్ చేసి గట్టిగా తొక్కాడు. జీపు బుర్రుమంటూ ఊగింది.

"ఒరే, ఒక్క గొయ్యి తెలిస్తే ఒట్టు! రబ్బరు మహిమ!"

"అన్నా, ఆ తాడిచెట్టు ఇందాకట్నుంచీ మన పక్కనే వస్తోంది."

"రానీరా, పెళ్ళికి ఎవర్నీ కాదనకూడదు."

"గేరు వెయ్యవా మరి?"

"తప్పు! మగపెళ్ళివాళ్ళం. పరిగెత్తుకొచ్చారంటే పరువేం కాను?"

పొద్దు వాలింది. ముహూర్తం దాటనే దాటింది. కొండ అవతల జగ్గునాయుడి ఊళ్ళో గట్టిమేళం మోగింది.

"విన్నావా! మనం వస్తున్నట్టు తెలిసిపోయింది," అన్నాడు సింహాద్రి. కూర్మయ్య బాసికం సర్దుకుని, సిగ్గుతో తల దించుకున్నాడు.