గుబురయ్యకు ఎవరూ చెప్పని మాట

కొండల నడుమ ఇప్పలకోన అనే అడవి ఉంది. అందులో ఎలుగుబంట్లు, మనుబోతులు, దుప్పులు, ఏదుపందులు, దుమ్ములగొండ్లు ఉండేవి. నీళ్లకూ తిండికీ లోటు లేదు. కానీ వయసు మళ్లిన జంతువులను ఒక జబ్బు పట్టుకుంది. మొదట మలంలో నెత్తురు చార కనిపించేది. తర్వాత ఒళ్లు చిక్కిపోయేది. చివరికి కడుపు బిగుసుకుపోయి ప్రాణం పోయేది.

ఆ జబ్బు గుట్టు రెండు పసిరిక పాములకు తెలుసు. ఒకడు మరకతుడు, ఇంకొకామె చెంగలి. ఇద్దరూ ఒకే గురువు దగ్గర వైద్యం నేర్చుకున్నారు. తల మీద ఒక మిణుగురును కూర్చోబెట్టుకుని, రోగి వెనక దారిన పేగులోకి మెల్లగా వెళ్లేవారు. ఆ వెలుగులో పేగు గోడ మీద చిన్న చిన్న బుడిపెలు కనిపించేవి. వాటిని అప్పుడే కొరికి తీసేస్తే రోగి బతికేవాడు. వదిలేస్తే అవే పెరిగి గడ్డలయ్యేవి.

అయితే పేగు కడిగినట్టు శుభ్రంగా ఉండాలి. లోపల మలం మిగిలి ఉంటే మిణుగురు వెలుగు దాని మీదే పడి ఆగిపోయేది. దాని వెనక ఏముందో కనిపించేది కాదు. అందుకే ముందు పథ్యం ఉండాలి. సునాముఖి ఆకు కషాయం తాగి కడుపు ఖాళీ చేసుకోవాలి.

మరకతుడు అడవి నడిబొడ్డున పెద్ద బండ మీద కూర్చునేవాడు. చకచకా చూసి పంపేసేవాడు. ఆయన ముందు ఎప్పుడూ బారులు తీరి జంతువులుండేవి. చెంగలి వాగు అవతల ఉండేది. ఒక్కో రోగితో చాలాసేపు మాట్లాడేది. "ఆవిడకు వైద్యం తక్కువ, కబుర్లు ఎక్కువ" అని అడవిలో నవ్వుకునేవారు.

గుబురయ్య అనే ముసలి ఎలుగుబంటికి ఒకనాడు నెత్తురు చార కనిపించింది. ఎవరికీ చెప్పకుండా మట్టి కప్పేశాడు. కానీ భార్య నేరేడమ్మ చూడనే చూసింది.

"ఏమయ్యా, ఇది ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది.

"ఏదో ముల్లు గీసుకుని ఉంటుందిలే" అన్నాడు గుబురయ్య.

"ముల్లు కడుపులో గీసుకుంటుందా? పద, వైద్యుడి దగ్గరికి పోదాం."

"నువ్వెందుకు? నలుగురిలో సిగ్గు. నేనే వెళ్తాను" అని గుబురయ్య ఒక్కడే బయలుదేరాడు. పెద్ద పేరున్నవాడు కదా అని మరకతుడి దగ్గరికే వెళ్లాడు.

మరకతుడు గుబురయ్య ముఖం కూడా సరిగా చూడలేదు. కషాయం నింపిన సొరకాయ బుర్రను ముందుకు నెట్టి గడగడా చెప్పాడు:

"పూర్వదినమున లఘ్వాహారము గ్రహింపుము. తదుపరి నిరాహారుడవై ఈ ఔషధమును ద్విభాగములుగా సేవింపుము. కోష్ఠశుద్ధి జరిగిన పిమ్మట రమ్ము."

గుబురయ్యకు తల తిరిగింది. "అయ్యా, కొంచెం మళ్లీ చెబుతారా?" అన్నాడు.

"ఎలుగుబంట్లకు ఒక్కొక్కటీ పదిసార్లు చెబుతూ కూర్చుంటే ఇంతమందిని ఎప్పుడు చూసేది? తర్వాతెవరు?" అన్నాడు మరకతుడు.

వెనక నిలబడ్డ దుమ్ములగొండి కిసుక్కున నవ్వింది. గుబురయ్య ఆ సొరకాయ బుర్ర పుచ్చుకుని పక్కకు తప్పుకున్నాడు. పోతూ పోతూ ఆ దుమ్ములగొండినే మెల్లగా అడిగాడు.

"లఘ్వాహారం అంటే ఏంటి?"

"తేలిక తిండి. అది కూడా తెలీదా?" అంది దుమ్ములగొండి.

గుబురయ్య ఇంటికి వచ్చి ఆలోచించాడు. తేలిక తిండి ఏది? ఊదితే ఎగిరిపోయే ఎండు ఇప్పపువ్వు కంటే తేలికైనది అడవిలో ఏముంది? మాంసం ముట్టలేదు. చేప ముట్టలేదు. వైద్యుడి మాట జవదాటకూడదని, నోరు కట్టేసుకుని ఎండు ఇప్పపువ్వే తిన్నాడు. దానితో కడుపు నిండలేదని పొదల్లో దొరికిన రేగుపళ్లు కూడా గింజలతో సహా నమిలాడు. అవి మరీ చిన్నవి కదా అనుకున్నాడు.

మర్నాడు పస్తుండి సాయంత్రం కషాయం తాగాడు. సగం తాగేసరికి కడుపులో గుడగుడ మొదలైంది. పొదల చాటుకు పరుగెత్తాడు. వచ్చి కూర్చున్నాడో లేదో మళ్లీ పరుగెత్తాడు.

"ఇదేం మందయ్యా, ప్రాణం తీసేట్టుంది!" అని నేరేడమ్మ భయపడింది.

"లోపలున్నదంతా పోయినట్టే ఉంది. ఇక చాలు" అని గుబురయ్య మిగతా సగం పారబోశాడు. ఇలా పరుగులు పెట్టిస్తుందని అతనికి ముందు ఎవరూ చెప్పలేదు. మిగతా సగమే పేగును తేటగా కడుగుతుందని కూడా చెప్పలేదు.

మర్నాడు మరకతుడు మిణుగురును తీసుకుని లోపలికి వెళ్లాడు. కొంచెం దూరం వెళ్లి తిరిగి వచ్చేశాడు. తల నిండా మలం. రేగుగింజ ఒకటి కంటి పక్కన అతుక్కుని ఉంది.

"ఛీ! పథ్యం ఉండమంటే మేత మేసి వస్తావా? బుద్ధి ఉందా నీకు?" అని బండ మీద నుంచి అందరూ వినేలా అరిచాడు.

"అయ్యా, తేలిక తిండే తిన్నాను..." అని గుబురయ్య ఏదో చెప్పబోయాడు.

"అబద్ధాలు కూడానా? పో. బుద్ధి వచ్చాక రా."

బారులో ఉన్న జంతువులన్నీ ఘొల్లున నవ్వాయి. గుబురయ్య తల వంచుకుని ఇంటికి వచ్చాడు. నిజానికి ఆ నవ్విన వాటిలో సగానికి కూడా పథ్యం అంటే ఏమిటో తెలియదు.

ఆ తర్వాత నేరేడమ్మ ఎంత బతిమాలినా అతను కదల్లేదు.

"నెత్తురు ఆగిపోయింది" అనేవాడు.

ఆగలేదు. ఆమె కంట పడకుండా దూరంగా పోయి వచ్చేవాడు, అంతే.

చలికాలం వచ్చేసరికి గుబురయ్య ఎముకల గూడయ్యాడు. ఏం తిన్నా కడుపు ఉబ్బిపోయి కక్కేసేవాడు. తర్వాత తినడమే మానేశాడు. నేరేడమ్మ వెళ్లి మరకతుణ్ణి బతిమాలి గుహకు తీసుకొచ్చింది. మరకతుడు లోపలికి వెళ్లి చాలాసేపటికి బయటికి వచ్చాడు.

"ఈసారి పేగు శుభ్రంగా ఉంది. అంతా స్పష్టంగా కనిపించింది" అన్నాడు. "గడ్డ దారిని పూర్తిగా మూసేసింది. ఇక చేసేదేమీ లేదు. మొదట వచ్చినప్పుడు ఇది చిన్న బుడిపెగా ఉండి ఉంటుంది. అప్పుడే కొరికేసేవాణ్ణి."

నేరేడమ్మ ఏడవలేదు. "ఆ రోజు మా ఆయనకు ఏం చెప్పారు?" అని అడిగింది.

మరకతుడు మళ్లీ గడగడా చెప్పాడు. లఘ్వాహారము, ద్విభాగములు, కోష్ఠశుద్ధి.

"ఇందులో ఇప్పపువ్వు తినొద్దన్న మాట ఎక్కడుంది? గింజలు మింగొద్దన్న మాట ఎక్కడుంది? ఆఖరి చుక్క దాకా తాగమన్న మాట ఏది?"

"అవి ఎవరికైనా తెలిసే సంగతులే."

"మా ఆయనకు తెలియలేదు. అడిగితే మీరు చెప్పలేదు."

మూలన పడుకున్న గుబురయ్య కష్టంగా కళ్లు తెరిచాడు. "ఆయన్ని ఏమీ అనకే. ఆయన చదువుకున్నవాడు. నేనే సరిగా వినలేదు. తప్పు నాదే" అన్నాడు.

మరకతుడు వెళ్లిపోయాడు. గుబురయ్య చనిపోయాడు. చనిపోయేదాకా తప్పు తనదే అనుకున్నాడు.

తర్వాత కొన్నాళ్లకు నేరేడమ్మకు కూడా నెత్తురు చార కనిపించింది. ఆమె మరకతుడి బండ వైపు చూడకుండా వాగు దాటింది. చెంగలి ఆమెను నీడలో కూర్చోబెట్టింది.

"జాగ్రత్తగా విను నేరేడమ్మా. మొదటి రోజు పళ్లు, పువ్వులు, ఆకులు, గింజలున్నవి ఏవీ వద్దు. గుడ్లు, చేపలు తినొచ్చు. మర్నాడు ఏదీ నమలకూడదు. ఊట నీళ్లు, వడగట్టిన తేనె నీళ్లు ఎన్నైనా తాగు. సాయంత్రం సగం కషాయం, తెల్లవారుజామున మిగతా సగం. కడుపు పరుగులు పెట్టిస్తుంది. అది మందు పని చేస్తున్న గుర్తు, భయపడకు. మొదటి సగం బరువంతా దించేస్తుంది. రెండో సగం పేగు గోడల్ని కడుగుతుంది. నీ నుంచి వచ్చేది ఊట నీళ్లలా తేటగా కనిపిస్తేనే కడుపు శుభ్రమైనట్టు. ఇప్పుడు నువ్వు నాకు చెప్పు. పక్క గుహలో ఎవరికో చెబుతున్నట్టు చెప్పు."

నేరేడమ్మ చెప్పింది. తేనె నీళ్లకు బదులు తేనెపట్టు అని పొరపడింది. చెంగలి కోప్పడలేదు. "పట్టు వద్దు, నీళ్లే. మళ్లీ చెప్పు" అంది. ఈసారి నేరేడమ్మ సరిగా చెప్పింది.

చెప్పినట్టే చేసి వచ్చింది. చెంగలి లోపలికి వెళ్లి బుడిపె ఒకటి కొరికి తెచ్చింది. అది కందిగింజంత ఉంది.

"ఇక నీకు భయం లేదు" అంది చెంగలి.

నేరేడమ్మ అప్పుడు ఏడ్చింది. గుబురయ్య పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

"ఈ నాలుగు మాటలేనా అమ్మా? ఈ నాలుగు మాటలకేనా మా ఆయన పోయింది?"

చెంగలి ఏడుపు ఆగేదాకా ఆమె పక్కనే ఉంది.

ఈ సంగతి అడవి అంతా పాకింది. మనుబోతు మేడిపళ్లు తిని వెళ్లి తిట్లు తిన్నాననీ, మళ్లీ ఆ గడప తొక్కలేదనీ ఒప్పుకుంది. ఏదుపంది కూడా కషాయం సగంలో ఆపేశానని చెప్పింది. ఒక్కొక్కటిగా అన్నీ వాగు దాటాయి. మరకతుడి బండ ఖాళీ అయింది.

ఒకరోజు మరకతుడే వాగు ఒడ్డుకు వచ్చాడు. "ఏం కొత్త మందు ఇస్తున్నావు చెంగలీ?" అని అడిగాడు.

"అదే సునాముఖి కషాయం. గురువుగారు నీకూ నాకూ చెప్పిందే."

"మరి ఈ మూర్ఖులంతా శుభ్రమైన కడుపుతో ఎలా వస్తున్నారు?"

"వీళ్లంతా నీ దగ్గరికి వచ్చినవాళ్లే మరకతా" అంది చెంగలి.

మరకతుడి ముఖం నల్లబడింది. అయినా తన తప్పు ఒప్పుకోలేదు. జంతువులకు బుద్ధి లేదని గొణుక్కుంటూ బండ ఎక్కాడు. నేర్చిన విద్య అంతా ఉంది, వాడుకునేవారే లేరు. అతను ఒంటరిగానే ముసలివాడయ్యాడు.

నేరేడమ్మ మాత్రం తరచూ చెంగలి దగ్గరికి వెళ్లేది. కొత్తగా వచ్చి భయంతో వణికే జంతువుల పక్కన కూర్చునేది. తన మొగుడు ఏం తిన్నాడో, కషాయం ఎక్కడ ఆపాడో సిగ్గుపడకుండా చెప్పేది.

ఒకసారి తల్లిని వెంటబెట్టుకొచ్చిన ఒక పడుచు దుప్పి ఆశ్చర్యంగా అడిగింది. "అదేంటి పెద్దమ్మా, అంతమాత్రం ఆయనకు తెలియలేదా?"

"తెలియలేదమ్మా," అంది నేరేడమ్మ. "ఆయనకు ఎవరూ చెప్పలేదు."

నీతి: రోగికి అర్థం కాని మాట చెప్పి, తప్పు రోగిదే అనే వైద్యుడి విద్య ఎవరి ప్రాణమూ నిలబెట్టదు. అర్థమయ్యేదాకా చెప్పడమే మొదటి వైద్యం.