పసుపు చీలికలు

పెద్ద బయన్నను ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పడు, చెప్పులు వేసుకుంటాడు. జవాబు కావలసినవాడు వెంట నడవాలి. నల్లమల కొండల్లో జాతరకు వచ్చి దారి తప్పినవాళ్లను వెతకడానికి అంచు ఊళ్లవాళ్లు తమంతట తాము కట్టుకున్న దళానికి ఆయన గురువు. పుట్టింది చెంచుగూడెంలో. అడవి ఆయనకు నేర్పింది, ఆయన దళానికి నేర్పాడు.

ఆ రోజు పొద్దున్నే ప్రశ్న అడిగినవాడు దర్జీ సంజీవి.

"తాతా, ఒక సందేహం. ఈ కొండల్లో ఖాసింపీరాకు దొరికే మనుషులు నాకెందుకు దొరకరు?"

ఖాసింపీరా పంక్చర్లు వేసుకునేవాడు. కాస్త నత్తి. మూడు జాతరల్లో నలుగురిని వెతికి తెచ్చాడు. పోయినేడు తాసీల్దారు అతనికి శాలువా కప్పితే పేపర్లో ఫోటో పడింది. సంజీవి ఆ ఫోటోను భూతద్దం పెట్టి చూసి, శాలువా పాలిస్టర్‌దని తేల్చుకున్నాక రెండు రోజులు ప్రశాంతంగా నిద్రపోయాడు. అతని ఖాతాలో ఇంతవరకూ ఉన్నది ఒక మేక. అదీ తప్పిపోయింది కాదు, మేస్తున్నది. పోనీ గొంతు లేదా అంటే, నాటకాల్లో మైకు లేకుండా పద్యం పాడి రెండు వీధుల అవతల పసిపిల్లలను లేపిన గొంతు. వెతికిన చోట గుర్తుగా కట్టే గుడ్డ చీలికలను దళంలో అందరికీ కత్తిరించి ఇచ్చేది కూడా తనే. ఇన్ని ఉన్న తనకు దొరకని మనిషి, ఏమీ లేని ఖాసింపీరాకు దొరుకుతాడు. ఇదెక్కడి న్యాయమో దేవుడే చెప్పాలి, లేదా బయన్న చెప్పాలి.

బయన్న చెప్పులు వేసుకున్నాడు. అసలు దళమంతా వేసుకోవలసిన పొద్దే అది. జాతరకు వచ్చిన మద్దమ్మ అనే ముసలామె ముందురోజు మధ్యాహ్నం నుంచి కనబడటం లేదు. ఎండలు మండుతున్నాయి. ఆమె కూతురు రంగమ్మ తల్లి మూటను ఒళ్లో పెట్టుకుని కొండ కింద కూర్చుని ఉంది.

"మాయమ్మకు వినపడతాది సామీ. గట్టిగా పలకలేదు. గొంతు సన్నం," అని పొద్దున్నుంచీ వచ్చినవాడికల్లా చెబుతోంది.

దళం వెతికే పద్ధతి ఒకటుంది. పాతిక అడుగులకొకరు వరసగా నిలబడి కొండ ఎక్కుతారు. ఎవరి ముందున్న నేల పట్టె వారిది. కొంత దూరానికోసారి ఆగి, పేరు పెట్టి పిలిచి, పది ఊపిర్లు కదలకుండా చెవి ఒగ్గాలి. బండ వెనకా పొద కిందా చూడాలి. చూశాక ఒక గుడ్డ చీలిక కొమ్మకు కట్టాలి. మనిషికో రంగు, సంజీవిది పసుపు. చీలిక కట్టాడంటే ఇక్కడ మనిషి లేదని మాట ఇచ్చినట్టే. ఆ మాట మీద మిగతావాళ్లు వేరే కొండకు పోతారు, అక్కడికి మళ్లీ ఎవరూ రారు.

సంజీవి పక్క పట్టె ఖాసింపీరాకు పడింది. ఆకు రాలిన కాలం కాబట్టి మనిషి స్పష్టంగా కనబడుతున్నాడు. సంజీవి "మద్దమ్మా" అని రాగం తీసి పిలిచేవాడు. ఆ పిలుపు ఎదురు కొండకు తగిలి తిరిగి వచ్చేలోగా, ఖాసింపీరా నాలుగడుగులు ముందుకు పోయినట్టు అనుమానం వచ్చేది. చీలిక ముడి వేసి గబగబా కదిలేవాడు. ఖాసింపీరా వంగితే ఇతని గుండె ఆగేది. ఉత్త చేతులతో లేస్తే మళ్లీ కొట్టుకునేది. ముసలామె దొరకాలని సంజీవి కూడా మనసారా కోరుకున్నాడు. పక్క పట్టెలో తప్ప.

మధ్యాహ్నానికి అందరూ ఉత్త చేతులతో దిగారు. వాగు అవతలి కొండకు పోదామని సీసాల్లో నీళ్లు నింపుకుంటున్నారు. బయన్న ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు.

"నా వై... వైపు మూడు బండలు. ఎలుగు తవ్విన పుట్టొకటి. మనిషి లేదు," అన్నాడు ఖాసింపీరా.

"నువ్వేం జూసినావు సంజీవీ?"

"అంతా చూశాను తాతా. ఎవరూ లేరు."

"ఖాసిం ఏం జేసినాడు?"

ఇన్నాళ్లకు అడగవలసిన మాట అడిగాడనుకున్నాడు సంజీవి. "ఏం చేస్తాడు తాతా? రెండుసార్లు నీళ్లు తాగాడు. రెండో బండ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు, అక్కడేదో ఉన్నట్టు. ఎడమ చెప్పుకు ఉంగటం తెగితే తీగతో కట్టుకున్నాడు. చొక్కా కుడి సంకలో కుట్టు వదిలింది. అది నా దగ్గర కుట్టింది కాదు."

దళం నవ్వింది. ఖాసింపీరా చెయ్యెత్తి సంక చూసుకున్నాడు. నిజంగానే వదిలింది.

"బాగా జూసినావు. నీ వైపు చెట్లెట్లున్నాయి?"

"చెట్లా... చెట్లు బాగానే ఉన్నాయి తాతా. పచ్చగా, గుబురుగా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కొండ మొత్తం మీద పచ్చటి ఆకు లేదు. రంగమ్మ మూట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"మీరు వాగు దాటొద్దు," అని దళంతో చెప్పి బయన్న కొండ వైపు తిరిగాడు. "పా, సంజీవీ."

తను కట్టిన చీలికల వెంటే సంజీవి మళ్లీ ఎక్కాడు. మొదటిసారి ఆ పట్టెను చూస్తున్నాడు. ఆమె ఇక్కడ ఉండకూడదని ఒక చీలిక దగ్గర మొక్కుకున్నాడు. ఉండాలని తర్వాతి చీలిక దగ్గర మొక్కుకున్నాడు. ఏడో చీలిక దగ్గర బయన్న ఆగి, "పిలువు," అన్నాడు.

పిలిచాడు. రాగం రాలేదు. నిలబడి ఊపిర్లు లెక్కపెట్టుకున్నాడు. ఆరో ఊపిరికి, గిన్నె అడుగున గరిటె గీరినట్టు ఒక చప్పుడు వినబడింది.

చీలికకు పది బారల కింద, వంగిన బండ నీడలో పడి ఉంది మద్దమ్మ. కాలు మడతపడి వాచింది, పెదాలు పగిలాయి. బయన్న నీళ్లలో గుడ్డ తడిపి నోట్లో పిండుతుంటే కాసేపటికి కళ్లు తెరిచింది.

"పొద్దున ఒకాయప్ప పిలిచినాడు నాయనా," అంది. "ఓయ్ అని పలికినా. మళ్లా పలికినా. ఆయప్ప నిలబడల్యా. ఎవుర్నో జూసుకుంటా పోయినాడు." ఇంకో గుక్క మింగి, "గొంతు మాత్రం బో బాగుండాది," అంది.

సంజీవి ఆమెను వీపు మీదికి ఎత్తుకున్నాడు.

కింద రంగమ్మ తల్లిని పట్టుకుని వదల్లేదు. ఎవరి పట్టెలో దొరికిందని ఒకరు అడిగితే, పసుపు పట్టెలో అని ఇంకొకరు అన్నారు. కబురు విని వచ్చిన పేపరాయన ఫోన్ పైకెత్తి సంజీవిని ఎండలోకి జరగమన్నాడు. ఖాసింపీరా వచ్చి అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. "నీ... నీ చేతికే దొరికింది సంజీవన్నా," అన్నాడు. ముఖంలో సంతోషం తప్ప ఇంకేదైనా ఉందేమోనని సంజీవి వెతికాడు. అక్కడా అతనికి ఏమీ దొరకలేదు.

చెయ్యి విడిపించుకుని దళం జీపు వెనక్కి పోయాడు. బయన్న అక్కడ టైరుకు ఆనుకుని కాళ్లలో ముళ్లు తీసుకుంటున్నాడు.

"తాతా, పొద్దున నేనడిగిన మాట..."

బయన్న ముల్లును వెలుతురుకు పెట్టి చూసి పారేశాడు.

"ఖాసింపీరా ఎప్పుడన్నా అడవిలో తప్పిపోతే," అన్నాడు, "దళం అక్కర్లేదు. నిన్నొక్కణ్ణే పంపిస్తా."