పంటిగాట్ల తువ్వాలు

వనజకు కేకలంటే పడదు. నర్సు ఉద్యోగం దొరికింది చూస్తే కాన్పుల వార్డులో.

చేరిన కొత్తలోనే హెడ్ నర్సు రూతమ్మ దగ్గర మొర పెట్టుకుంది. "ఇన్నేళ్లుగా ఈ అరుపుల మధ్య ఎలా ఉంటున్నారు సిస్టరమ్మా? నాకైతే తల పగిలిపోతోంది."

"వింటూ ఉంటానమ్మా" అంది రూతమ్మ, చేతులు కడుక్కుంటూ.

అదేం జవాబో వనజకు అర్థం కాలేదు. మళ్లీ అడగడానికి బిడియపడి, తన దారి తాను వెతుక్కుంది. గదమాయించడం మొదలుపెట్టింది.

"నువ్వొక్కదానివే కంటున్నావా? మీ అమ్మ నిన్ను కన్నప్పుడు ఇలాగే ఊరు లేపిందా?" అనేది. అయినా ఆగకపోతే తువ్వాలు మడిచి చేతికిచ్చేది. "ఇదిగో, కరుచుకో. నోరు లేచిందంటే ఊరుకోను."

ఆడవాళ్లు భయపడ్డారు. వార్డు సద్దుమణిగింది.

"వనజ డ్యూటీలో పసిపిల్లలు కూడా పర్మిషన్ అడిగి ఏడుస్తారే" అని ఆయాలు నవ్వుకున్నారు. వనజ కూడా నవ్వింది. ఆమెకది మెప్పులాగే వినిపించింది.

ఒక మధ్యాహ్నం రూతమ్మ భోజనం ముగించుకుని వార్డుకు వచ్చింది. వనజ ఎదురెళ్లింది.

"చూశారా సిస్టరమ్మా, ఎంత ప్రశాంతంగా ఉందో!"

రూతమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. తల కాస్త పక్కకు వంచి విన్నది. తర్వాత గబగబా మంచాల వెంట నడుస్తూ, ఒక్కొక్కరి దుప్పటీ ఎత్తి చూసుకుంటూ పోయింది.

కిటికీ పక్క మంచం మీద తాయారు ఉంది. పొద్దున తొలి కాన్పు అయిన పిల్ల. ముఖం పాలిపోయింది. నోట్లో తువ్వాలు. దుప్పటి తీస్తే పరుపంతా నెత్తురు.

రూతమ్మ డాక్టరమ్మను కేకేసింది. ఆమె గొంతు అంత పైకి లేవడం వనజ ఎన్నడూ వినలేదు. అంబులెన్సు వచ్చేదాకా తాయారు పొత్తికడుపు ఒత్తి పట్టుకునే ఉండి, పెద్దాసుపత్రికి రూతమ్మే వెంట వెళ్లింది.

సాయంత్రానికి తిరిగొచ్చింది.

"ప్రాణం దక్కింది. గర్భసంచి తీసేశారు."

వనజ గోడకు చేరగిలబడింది. "నేనిక్కడే ఉన్నానండీ. పిలిస్తే పరుగెత్తుకొచ్చేదాన్ని. ఒక్క కేక వెయ్యొచ్చు కదా! ఎందుకు వెయ్యలేదు?"

రూతమ్మ సంచిలోంచి ఆ తువ్వాలు తీసి వనజ చేతిలో పెట్టింది.

"ఉతుకు."

వనజ పంపు దగ్గర కూర్చుని ఉతికింది. సబ్బు రుద్ది, రాయి మీద బాది, మళ్లీ ఉతికింది. మరకలు పోయాయి. మర్నాడు తీగ మీది నుంచి తీస్తుంటే, పళ్లు దిగిన చోటల్లా చిల్లుల్లోంచి ఎండ కనబడింది.

పది రోజులకు ఆపరేషన్ కుట్లు తీయించుకోవడానికి తాయారు మళ్లీ వచ్చింది. బిడ్డను అత్తగారు ఎత్తుకుని బయట కూర్చుంది.

"నువ్వు పక్కనుండు" అంది రూతమ్మ వనజతో, కత్తెర అందుకుంటూ.

వనజను చూడగానే తాయారు పైట చెంగు నోట్లో కుక్కుకుంది.

వనజ వంగి, ఆ చెంగును మెల్లగా బయటికి లాగింది. తన చెయ్యి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"కేకెయ్యమ్మా. గట్టిగా కేకెయ్యి. ఎవరూ ఏమీ అనరు. నేనూ అనను తల్లీ."

రూతమ్మ మొదటి కుట్టు కత్తిరించింది. తాయారు గోళ్లు వనజ చేతిలో దిగాయి. కళ్ల వెంట నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి.

వనజ ఊపిరి బిగబట్టి వింటూ ఉంది.

తాయారు కేక వెయ్యలేదు.